ఆదాము హవ్వల ముద్రాచిత్రములు: ప్రతీకార్థ విచారము

పాశ్చాత్య చిత్రకళను గూర్చి వ్రాయువారిచేత ప్రతీకముల నిఘంటువొకటి యుండుట పరిపాటి. కుక్క కనబడిన విశ్వాసము, పుఱ్ఱె కనబడిన మృత్యువు, తెల్లని లిల్లీ పువ్వు కనబడిన కన్యాత్వము అని యర్థములు గట్టిపడియున్నవి. బైబిలు పాత్రల విషయమున నీ నిఘంటువు మఱింత పెద్దది. దావీదు క్రీస్తునకు పూర్వరూపము. యోనా మూడు దినములు మత్స్యగర్భమున నుండుట క్రీస్తు సమాధికి సూచన. ఆదాము పతితమానవుడు, క్రీస్తు రెండవ యాదాము. ఈ యర్థములు కల్పితములు కావు. మధ్యయుగ మతాచార్యులు వీనిని వ్రాసిరి, బోధించిరి. చిత్రకారులు విని యెఱిగియుండిరి. కావున నీ పద్ధతి యసత్యమని నేననను. ఒక చిత్రము మనపై కలిగించు ప్రభావమును వివరించుట కిది చాలదని మాత్రము చెప్పుచున్నాను. ఈ విషయమును పునరుజ్జీవన యుగపు ముద్రాచిత్రములలో సుప్రసిద్ధమైన యొక దానిని ముందుంచుకొని పరిశీలింతము.

జర్మనీ దేశమున నూరెంబర్గు పట్టణమునకు చెందిన ఆల్బ్రెఖ్ట్ డ్యూరర్ 1504వ సంవత్సరమున రాగిరేకుపై చెక్కి యచ్చొత్తిన 'ఆదాము హవ్వ' యను చిత్రమే యది. పరిమాణమున మన సాధారణ గ్రంథపు పుట కంటె కొంచెము పెద్దది, అంతే. చీకటిగా నున్న దట్టపు టడవి ముందు ఇరువురు నగ్నముగా నిలిచియున్నారు. దేహములు మనవైపును, ముఖములు ఒండొరులవైపును తిరిగియున్నవి. నడుమ నొక చెట్టు. దానిని చుట్టుకొనిన సర్పము హవ్వకు పండు నందించుచున్నది. ఆమె కుడిచేత దానిని గ్రహించుచు, రెండవ చేత మఱియొక పండును వెనుకకు దాచుకొనియున్నది. ఆదాము కుడిచేతితో నొక కొమ్మను పట్టుకొని, ఎడమచేతి నామెవైపు చాచియున్నాడు. ఆ కొమ్మపై నొక చిలుక. కొమ్మకు వ్రేలాడు పలకపై చిత్రకారుని పేరు. అడుగున ఆదాము పాదముల చెంత నొక ఎలుక, నడుమ పిల్లి, వెనుక ఎల్క్ అను పెద్దజాతి దుప్పి, హవ్వ వెనుక ఎద్దును కుందేలును. దూరముగా, కుడివైపున, కొండ చివర నొక కొండమేక.

ఈ జంతువులకు అర్థము చెప్పినవారిలో ఎర్విన్ పనోఫ్‌స్కీ ముఖ్యుడు. డ్యూరర్ జీవితకళలను గూర్చి 1943లో ప్రకటించిన గ్రంథమున నాయన చేసిన వ్యాఖ్య నేటికిని ప్రతి పాఠ్యగ్రంథమునను కానవచ్చును. యూరప్ ప్రాచీన వైద్యమున రక్తము, కఫము, పిత్తము, కృష్ణపిత్తము అని నాలుగు దేహరసములు చెప్పబడినవి. మన వాతపిత్తకఫముల సామ్యము ఆరోగ్యమైనట్లే, ఈ నాలుగింటి సామ్యము వారికి ఆరోగ్యము. పండ్రెండవ శతాబ్ది పండితులు కొందఱు దీనిని ఆదికాండ కథతో ముడివెట్టిరి. పతనమునకు పూర్వము మానవునియందు నాలుగు రసములును సమముగా నుండెను. అందుచే నాతనికి రోగము లేదు, మృత్యువు లేదు. పండు తిన్నపిదప సామ్యము చెడి, ప్రతి మానవునియందును ఏదో యొక రసము పైచేయి గొన్నది. పనోఫ్‌స్కీ మతమున దుప్పి కృష్ణపిత్తపు విషాదమును, పిల్లి పిత్తపు క్రౌర్యమును, ఎద్దు కఫపు జడత్వమును, కుందేలు రక్తపు కామప్రవృత్తిని సూచించును. ఆదాము పట్టుకొనినది రోవన్ చెట్టు కొమ్మ, అది జీవవృక్షము. చిలుక మేలునకును, సర్పము కీడునకును గుర్తులు.

ఈ వ్యాఖ్య యందముగా నున్నది. నాలుగు జంతువులే యేల, అవియే యేల యను ప్రశ్నకు సమాధానమిచ్చుచున్నది. అట్లని దీనితో చిత్రార్థము తీరినదా? మన యాలంకారికుల మాటలలో చెప్పవలెనన్న, దుప్పి యనగా విషాదమనుట సంకేతజ్ఞానముచేత కలుగు నర్థము. సంకేత మెఱుగనివానికి దుప్పి దుప్పియే. ఎఱిగినవానికి కూడ, ఎఱిగిన మఱుక్షణమున చిత్రముతో పనియుండదు. 'విషాదము' అను మాట చేతికి వచ్చినది గదా! ధ్వని యట్లుండదు. అది ప్రకరణమునుండి, సన్నివేశమునుండి పుట్టి, ఎన్నిమాఱులు చూచినను చూచినకొలది పెరుగును. పొడుపుకథను విప్పుట వేఱు, కావ్యము నాస్వాదించుట వేఱు. మన పరిశోధక విద్యార్థుల వ్యాసములలో సైతము ప్రతీకముల పట్టికలు దండిగా నుండి, ఆ ప్రతీకములు ఆ పద్యమున చేయు పని మాత్రము కానరాకుండుట నేనెఱుగుదును. అందుచేతనే యీ విచారము మనకు దూరపుది కాదు.

ఇప్పు డదే చిత్రమున పిల్లిని ఎలుకను చూడుడు. ఈ జంటకు నిఘంటువు అక్కఱలేదు. రెండును మన ముందే, ఆ స్త్రీపురుషుల పాదముల చెంత, ఒండొంటికి జానెడు దూరమున ప్రశాంతముగా నున్నవి. పిల్లి యింకను దుమకలేదు. ఎలుక యింకను పాఱిపోలేదు. ఏదెను వనమున హింస లేదు గనుక నేటివరకు వానికి వైరము లేదు. పైన నాదాము చేయి పండునకై చాచియున్నది గనుక మఱుక్షణమున వైరము పుట్టనున్నది. పై సంఘటన యంతయు క్రింద చిన్న రూపమున ధ్వనించుచున్నది. కొండ చివరనున్న మేకయు నిట్టిదే. అంచున నిలిచిన ప్రాణి యొక్క యడుగు ముందుకు వైచిన నగాధమున పడును. పనోఫ్‌స్కీ యీ రెంటిని గమనింపకపోలేదు; పిల్లి యెలుకల సంబంధమును ఆదాము హవ్వల సంబంధముతో పోల్చియే యున్నాడు. అయినను ఆయన ననుసరించినవారు నాలుగు రసములనే కంఠస్థము చేసి, పిల్లి యెలుకలను విడిచిపెట్టిరి. నాకు విలువ తారుమారైనట్లు తోచుచున్నది. దుప్పిని తొలగించిన చిత్రము కొంత పేదదగును. పిల్లి యెలుకలను తొలగించినచో చిత్రమునకు కాలము లేకుండపోవును.

కాలము అను మాట యూరక వాడలేదు. ఆదికాండమున కథ క్రమముగా నడచును: సర్పము పలుకుట, స్త్రీ తినుట, పురుషుని కిచ్చుట, కన్నులు తెఱవబడుట, సిగ్గుపడి అంజూరపు టాకులు కుట్టుకొనుట. డ్యూరర్ చిత్రమున నీ క్రమము కలిసిపోయినది. పండింకను తినలేదు, కాని దేహముల మఱుగుపఱచు ఆకులు అప్పుడే వచ్చియున్నవి. పాపమునకు ముందే సిగ్గు యొక్క చిహ్నము కానవచ్చుచున్నది. చూచువారి మర్యాదకై చిత్రకారుడు చేసిన యేర్పాటని దీనిని కొట్టివేయవచ్చును. కాని, ఆ యాకులు ఎవరును కుట్టినవి కావు. చెట్టునుండియే యాదృచ్ఛికముగా నడ్డుపడినట్లున్నవి. ప్రకృతియే జరుగబోవుదానిని ముందుగా నెఱిగియున్నట్లు చిత్రించుట సామాన్యుని పని కాదు.

ఇక దేహములు. డ్యూరర్ యౌవనమున యాకొపో దె బార్బరి యను ఇటలీ చిత్రకారుడు కొలతలచేత నిర్మించిన స్త్రీపురుషుల రూపములను ఆయనకు చూపెను గాని, ఆ కొలతల రహస్యమును స్పష్టముగా చెప్పడయ్యెను. ఈ సంగతి డ్యూరరే వ్రాసికొనినాడు. ఆ కొఱత జీవితాంతము ఆయనను బాధించినది. విట్రూవియస్ వాస్తుగ్రంథమును చదివి, ఎన్నియో దేహములను కొలిచి, తుదకు మానవదేహ ప్రమాణములపై నాలుగు భాగముల గ్రంథమును రచించెను. అది 1528లో, ఆయన మరణించిన పిమ్మట వెలువడినది. 1504 నాటి యీ చిత్రము ఆ యన్వేషణలో నొక మజిలీ. ఆదాము నిలిచిన తీరున ప్రాచీన అపోలో విగ్రహపు భంగిమ యున్నది. హవ్వలో వీనసు ప్రతిమల పోకడ కలదు. సన్నాహచిత్రమొకటి న్యూయార్కు నగరమున మోర్గన్ గ్రంథాలయమున నున్నది. అందు స్త్రీపురుష రూపములను వేర్వేఱు కాగితములపై గీసి, పిదప నతికినట్లు తెలియుచున్నది. అనగా నీ యిరువురు మొదట దంపతులు కారు; రెండు ప్రమాణములు!

అన్యమత దేవతల యాకృతిని బైబిలు పాత్రల కిచ్చుట వట్టి యలంకారమని తలపరాదు. భగవంతుడు స్వయముగా నిర్మించిన మొదటి మానవుడు ఎట్లుండును? లోపము లేకుండ నుండును. లోపము లేని దేహము నెచ్చట చూడగలము? పతితులైన మనలో చూడలేము. ప్రాచీన గ్రీకు శిల్పులు అనేక దేహములనుండి సారము నేర్చికూర్చినదే శరణ్యము. ఇట్లు కొలత యనునదియే యీ చిత్రమున ప్రధాన ప్రతీకమైనది. నాలుగు రసముల సామ్యమును గూర్చి దుప్పియు నెద్దును పరోక్షముగా చెప్పునది, ఆదాము భుజములును హవ్వ కటియును ప్రత్యక్షముగా చూపుచున్నవి. వ్యాఖ్యాతలు మూలలలోని జంతువులయందు వెదకిన యర్థము నడుమ నిలిచిన దేహములందే వెలుగుచున్నది.

పనితీరును గూర్చి కూడ నొకమాట. చెక్కుట పూర్తికాక మునుపు తీసిన పరీక్షా ప్రతులు నేటికిని మిగిలియున్నవి. వానిలో అడవి చాలవఱకు పూర్తియైనది. దేహములు మాత్రము తెల్లని రేఖాకృతులు, ఆదాము కాలొకటి మాత్రము చెక్కబడినది. చీకటిని ముందు సిద్ధము చేసికొని, కాంతికి చోటు విడిచి, తుదకు సన్నని యుక్కుములికితో నా దేహములను మలచినాడు. రాగిరేకుపై చెఱుపుట మిక్కిలి కష్టము. గీసిన గీత గీసినదే. కఱ్ఱదిమ్మపై చిత్రమును మిగిల్చి తక్కినది చెక్కివేయుదురు. మన యద్దకపు దిమ్మలు చూచినవారికి ఆ పని తెలియును. రాగిరేకుపై నట్లు గాక, చెక్కిన గాటులోనే సిరా నిలిచి కాగితమునకు దిగును. ఆదాము చర్మపు మెత్తదనము, పాము పొలుసుల బిరుసుదనము, చెట్టు బెరడు అన్నియు రంగు లేక గీతల సాంద్రతచేతనే వేఱుపడవలెను. ఈ నైపుణ్యమును చూపుట కూడ డ్యూరర్ యుద్దేశములలో నొకటియే.

పలక సంగతి యిందు చేరును. మామూలుగా డ్యూరర్ తన చిత్రములపై రెండక్షరముల ముద్రతో సరిపెట్టెడివాడు. ఇచ్చట మాత్రము 'నూరెంబర్గు వాడగు ఆల్బర్టస్ డ్యూరర్ చేయుచుండెను, 1504' అను నర్థము వచ్చునట్లు లాటిను భాషలో పూర్తి పేరును చెక్కెను. 'చేసెను' అనక 'చేయుచుండెను' అనుట గమనింపదగినది. ప్రాచీన గ్రీకు కళాకారులు తమ కృతులపై అసమాప్త క్రియను వ్రాయుచుండిరనియు, అది యింకను దిద్దుటకు వీలున్నదను వినయమనియు రోమను రచయిత ప్లినీ తన గ్రంథపు పీఠికలో చెప్పియున్నాడు. మైకెలాంజెలో తన పియెటా శిల్పముపై నీ క్రియనే వాడెను. కనుక నది విద్వాంసుల కెఱుకైన వినయము. కాని యా వినయపు పలక వ్రేలాడుచున్నది జీవవృక్షపు కొమ్మకు, చిలుక ప్రక్కన, ఆదాము తల యెత్తున! మొదటి మానవుని సృష్టించినవాడొకడు, మరల సృష్టించినవాడు వేఱొకడు అను గర్వము ఆ వినయపు చాటున నున్నదని చెప్పినచో డ్యూరర్‌కు అన్యాయము చేసినట్లు కాదనుకొందును.

ఒక యాక్షేపమునకు సమాధానము చెప్పవలసియున్నది. 1507లో డ్యూరర్ ఇదే విషయమును రెండు పెద్ద పలకలపై రంగులతో చిత్రించెను. అవి యిప్పుడు మాడ్రిడ్ నగరపు ప్రాడో ప్రదర్శనశాలలో నున్నవి. వానిలో దుప్పి లేదు, ఎద్దు లేదు, పిల్లి యెలుకలు లేవు. అంతమాత్రముచేత 1504 నాటి జంతువులు నిరర్థకములని వాదింపరాదు. పెద్ద పలక దూరమునుండి చూడదగినది. ముద్రాచిత్రము చేతబట్టుకొని, కన్నుల చెంత నుంచుకొని, గ్రంథమువలె చదువదగినది. దాని మూలలలో నర్థములను దాచుటకు వీలున్నది, వెదకుటకు పాఠకునికి తీరిక యున్నది. దేవాలయ చిత్రమును వివరించుటకు పురోహితుడుండును. అంగడిలో కొని యింటికి తెచ్చుకొనిన కాగితమునకు కొన్నవాడే వ్యాఖ్యాత. డ్యూరర్ భార్య ఆగ్నెస్ సంతలలో నీ చిత్రములను విక్రయించెడిది. 1520-21లో నెదర్లాండ్సు దేశమున చేసిన యాత్రలో డ్యూరర్ తన ముద్రాచిత్రములను అమ్ముచు, బహుమానములుగా నిచ్చుచు లెక్క వ్రాసికొనెను. ఇట్లు బహుజనహస్తగతమైన చిత్రమున పండితునికొక యర్థము, సామాన్యునికొక యర్థము పొరలుగా నుండుట సహజమే. పై పొర నెఱుగనివానికి క్రింది పొర యందకుండిన నది లోపము. డ్యూరర్ చిత్రమున నట్లు లేదు.

డ్యూరర్ కార్యశాలలో 1503 మొదలు కొన్నియేండ్లు పనిచేసిన హాన్స్ బాల్డుంగ్ గ్రీన్ 1511లో నీ విషయమునే కఱ్ఱదిమ్మలపై చెక్కి, రెండు ఛాయలలో నచ్చొత్తెను. గురుశిష్యుల నడుమ ప్రేమ గాఢమైనది. డ్యూరర్ మరణించినప్పుడు ఆయన తలవెండ్రుకల పాయ నొకదానిని బాల్డుంగునకు పంపిరట. అయినను శిష్యుని చిత్రము గురువునకు ప్రత్యుత్తరమే. అందు ఆదాము హవ్వ వెనుక నిలిచి, ఒకచేత పండును కోయుచు, రెండవ చేత నామె స్తనమును పట్టుకొనియున్నాడు. అడుగున కుందేళ్లు. ఇక్కడ పలకయు నున్నది. కాని దానిపై ప్రధానముగా నున్నది చిత్రకారుని పేరు కాదు, 'మానవజాతి పతనము' అను నర్థము గల లాటిను మాటలు. గురువు పలకపై తన కర్తృత్వమును ప్రకటించెను. శిష్యుడు పలకపై నేరమును ప్రకటించెను. డ్యూరర్ చిత్రమున జ్ఞానవిషయమైన పాపము బాల్డుంగు చిత్రమున కామవిషయమైనది. కుందేలు నిఘంటువులో రెండుచోట్ల నొకటే. చిత్రములో నొకటి కాదు: అక్కడ నలువురిలో నొకటిగా మౌనముగా నుండినది, ఇక్కడ పైనున్నవారి చేష్టకు సాక్షియైనది.

ఇటలీలో రాఫేలు రూపకల్పన ననుసరించి మార్కాంటోనియో రైమొండి చెక్కిన చిత్రమున సర్పమునకు స్త్రీముఖము కలదు. పండ్రెండవ శతాబ్దిలో పీటర్ కొమెస్టర్ తన బైబిలు కథాసంగ్రహమున సర్పమునకు కన్యాముఖమున్నదని వ్రాసినప్పటినుండి చిత్రకారుల కిది ప్రియమైన సంప్రదాయము. దీని ధ్వని స్పష్టము. ప్రలోభమునకును, ప్రలోభమునకు లొంగినదానికిని ముఖమొకటే, నేరమంతయు స్త్రీదే. ఆదికాండమున నిట్టి మాట లేదు. డ్యూరర్ 1504లో నీ సంప్రదాయమును విడిచి, సర్పమును సర్పముగానే యుంచెను. హవ్వకును ఆదామునకును సమానమైన యెత్తు, సమానమైన కాంతి, సమానమైన కొలత నిచ్చెను. ఆయన స్త్రీపక్షపాతియని నేను చెప్పబోను. హవ్వ దాచుకొనిన రెండవ పండు ఆ మాట చెప్పనీయదు. కాని ఆదాము చాచిన చేతిని మఱుగుపఱచకుండుట న్యాయబుద్ధి.

ప్రకరణము మాఱిన ప్రతీకార్థ మెట్లు మాఱునో తెలిసికొనుటకు లేడెను పట్టణపు లూకాస్ కఱ్ఱదిమ్మలపై చెక్కిన 'స్త్రీల ప్రభావము' అను చిత్రమాల చక్కని యుదాహరణము. అందు దెలీలా యొడిలో నిద్రించు సమ్సోను, విగ్రహములకు మ్రొక్కు సొలొమోను, గంపలో వ్రేలాడు కవి వర్జిల్ వరుసలో ఆదాము కూడ నిలిచియున్నాడు. ఆ వరుసలో నాతడు మానవజాతి మూలపురుషుడు కాడు. భార్యమాట విని మోసపోయిన భర్తలలో మొదటివాడు మాత్రమే. నవ్వు పుట్టించు పాత్ర. అదే యాదామును డ్యూరర్ 1511 నాటి 'చిన్న శ్రమల కథ' యను చిత్రగ్రంథమున నాదిని నిలిపెను. అచ్చట స్త్రీపురుషు లిరువురు ఒండొరులను పొదవుకొని యున్నారు. తరువాతి పుటలో వనమునుండి బహిష్కారము. అటుపిమ్మట క్రీస్తు జననము, శిలువ, పునరుత్థానము. పుట త్రిప్పినకొలది ఆ మొదటి యాలింగనమునకు క్రొత్త యర్థము చేరుచుండును. మూల కథ యొక్కటే, పాత్ర యొక్కటే. ముందువెనుకల నున్న చిత్రములు మాఱినంతనే హాస్యము కరుణమైనది.

తుదిగా, ఈ ముద్రాచిత్రములు మన దేశమునకు వచ్చిన కథతో సంబంధించిన యొక చిత్రమును స్మరింతును. 1580లో జెసూట్ మతగురువులు అక్బరు సభకు వచ్చి, ఆంట్వర్పు నగరమున ముద్రితమైన బహుభాషా బైబిలు సంపుటములను కానుకగా నిచ్చిరి. వారితోను, వర్తకులతోను యూరప్ ముద్రాచిత్రములు మొగలు చిత్రశాలకు చేరెను. ఆకా రిజా యను చిత్రకారుని కుమారుడు అబుల్ హసన్, పదుమూడవయేట, 1600 ప్రాంతమున డ్యూరర్ చిత్రము నొకదానిని చూచి గీసెను. మూలము 1511 తేదీ గల రాగిరేకు చిత్రము: శిలువపై క్రీస్తు, ప్రక్కన తల్లి మరియ, మఱియొక ప్రక్క శిష్యుడు యోహాను. బాలుడు శిలువను గీయలేదు. క్రీస్తును గీయలేదు. యోహాను నొక్కని మాత్రమే యెన్నుకొనెను. క్రైస్తవ సంకేతములను పుట్టుకతో నెఱిగినవాడు కాడు. యోహాను ఎవరో, పైకెత్తిన యా ముఖము దేనిని చూచుచున్నదో ఆతనికి చెప్పినవారుండవచ్చును, ఉండకపోవచ్చును. కాని కలిపి బిగించిన చేతుల ముడి, మెడ వంపు, భారముగా జాఱిన వస్త్రపు మడతలు ఒక్కటియు తప్పిపోలేదు. నల్లని సన్నని గీతలు రాగిరేకుపై చెక్కినట్లే యున్నవి. నడుమ నక్కడక్కడ బంగారపు పూత. ఈ బాలుడే తరువాత జహంగీరుచే 'నాదిర్ ఉజ్ జమాన్' అను బిరుదు నందెను. ఆ చిన్న చిత్రము నేడు ఆక్స్‌ఫర్డు నగరమున ఆష్మోలియన్ ప్రదర్శనశాలలో నున్నది. దానిపై చిత్రకారుని వయస్సును తెలుపు వ్రాతయు నున్నది.